హాస్టల్ వెనక మెట్లకు తాళం వేసి ఉంచారు. రేపు ఏదన్నా జరిగితే ఓనర్ మీద కేసు నిలుస్తుందా?

భీమవరం నాన్న | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా అమ్మాయి బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటోంది. పేరు ఇక్కడ రాయను. ఈ శనివారం ఊరగాయ జాడీలు ఇవ్వడానికి వెళ్ళి, మొదటిసారి పైదాకా ఎక్కి చూశాను. కింద ఒకటి, పైన నాలుగు అంతస్తులు. ముందు మెట్లు ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత ఇరుకు. ఆ మెట్ల కిందే గ్యాస్ సిలిండర్లు, లెక్కపెట్టాను, ఏడు. వెనక ఇనుప మెట్లున్నాయి గానీ కిందకి దిగే చోట గ్రిల్ గేటు, దానికి పెద్ద తాళం. తాళం మీద తుప్పు చూస్తే ఏడాదిగా ఎవరూ తీసినట్టు లేదు. వార్డెన్‌ని తాళంచెవి అడిగితే "సార్ దగ్గరుంటుందండీ" అంది. ఆ సార్ ఉండేది ఊరికి ఆ చివర. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. నూటికి దగ్గర ఆడపిల్లలు.

ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. పెద్దలు రెండు సంగతులు చెప్పండి. ఇలా దారి మూసేసిన ఓనరుకి చట్ట ప్రకారం ఏం శిక్ష ఉంది? ఏదీ జరగకముందే నేను చెయ్యగలిగింది ఏముంది?

సికింద్రాబాద్ లత | ఆదివారం, రాత్రి 10:12

అన్నా, ముందుగాల బిడ్డకు ఫోన్ చేసి, రాత్రి కరెంటు పోయినా కిందికి దిగే దారి ఎటో ఒకసారి నడిచి చూసుకోమను. మేము స్వప్నలోక్ కాంప్లెక్స్‌కు దగ్గర్లనే ఉంటం. 2023 మార్చి 16 రాత్రి అండ్ల ఆరుగురు పిల్లలు పోయిన్రు. వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ దిక్కు నుంచి కొలువుకు వచ్చినోళ్ళు. కాలి కాదన్నా, పొగకు ఊపిరాడక పోయిన్రు. ఆ పొగ వాసన మా ఇంటి పరదాలకు వారం ఉన్నది. నాకు చట్టం తెల్వదు, తెలిసినోళ్ళు చెప్తరు. గా తాళం మాత్రం ఊకె వదిలిపెట్టకు.

ఓరుగల్లు వకీలు | ఆదివారం, రాత్రి 11:05

నాన్నగారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే సెక్షన్ 106(1), ఐదేళ్ళ వరకు జైలు, జరిమానా. పాత ఐపీసీ 304ఏలో ఇది రెండేళ్ళే. ప్రాణం పోకపోయినా, ఇతరుల ప్రాణం ప్రమాదంలో పడేలా ప్రవర్తిస్తే సెక్షన్ 125 ఉంది. ఎవరికీ దెబ్బ తగలకపోతే మూడు నెలలు, తీవ్రంగా గాయపడితే మూడేళ్ళ వరకు. నిప్పు, మండే వస్తువుల విషయంలో అజాగ్రత్తకు సెక్షన్ 287. మెట్ల కింద ఏడు సిలిండర్లు అన్నారు చూడండి, అది ఇక్కడికి వస్తుంది.

అసలు బరువైనది సెక్షన్ 105, హత్య కాని నేరపూరిత నరహత్య. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, "దీనివల్ల మనుషులు పోవచ్చు" అని తెలిసి చేస్తే పదేళ్ళ వరకు పడుతుంది. 106(1) బెయిలబుల్, 105 నాన్ బెయిలబుల్. ఒకదాంట్లో ఓనరు అదే రోజు ఇంటికి పోవచ్చు, రెండోదాంట్లో జైలుకు పోతాడు. ఈ రెండిటి మధ్య ఉన్న గోడ పేరు "తెలియడం". దాని గురించి రేపు వివరంగా రాస్తాను.

నల్లగొండ నర్సింహ | సోమవారం, ఉదయం 6:40

వకీలు గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్న. సెక్షన్లు చదివితే ధైర్యం వస్తది, కేసుల చరిత్ర చదివితే పోతది. ఢిల్లీ ఉపహార్ థియేటర్ సంగతి తీసుకోండి. 1997 జూన్ 13, మ్యాట్నీ ఆట. 59 మంది చచ్చిపోయిన్రు, వంద మందికి పైగా గాయపడ్డరు. కింది కోర్టు తీర్పు రావడానికే పదేళ్ళు పట్టింది. 2007ల థియేటర్ యజమానులైన ఇద్దరు అన్నదమ్ములకు రెండేళ్ళ జైలు అన్నరు. 2008ల హైకోర్టు దాన్ని ఏడాది చేసింది. 2015ల సుప్రీంకోర్టు తలా 30 కోట్లు కట్టండి, ఉన్న జైలు చాలు అన్నది. 2017ల మళ్ళ చూసి ఆ అన్నదమ్ముల్ల ఒకరిని ఏడాది శిక్షల మిగిలింది పూర్తి చెయ్యమన్నది, ఇంకొకరిని వయసు చూసి వదిలేసింది. నష్టపరిహారం సుత 2011ల తగ్గించిన్రు, ఇరవై ఏండ్లు దాటినోళ్ళకు 10 లక్షలు, ఆ లోపు పిల్లలకు ఏడున్నర లక్షలు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇరవై ఏండ్లు కోర్టు మెట్లు ఎక్కిన్రు. ఈ తండ్రికి మనం చట్టం ఉందని చెప్తే సరిపోతదా?

ఓరుగల్లు వకీలు | సోమవారం, ఉదయం 7:55

నర్సింహ గారూ, మీరు రాసిన ప్రతి అంకె నిజమే. ఆ కోపం నాకూ ఉంది. అయితే అదే కేసు ఇంకో పక్క నుంచి చూడండి, నాన్నగారికి కావలసిన జవాబు అక్కడుంది.

ఉపహార్‌లో మంట పుట్టింది కింద పార్కింగ్ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో. జనం పోయింది పైన బాల్కనీలో. అక్కడ కుడి వైపు నడిచే దారి మూసేసి అదనంగా సీట్లు వేశారు, బయటికి పోయే దారి తగ్గిపోయింది. తలుపులకు గడియలు. పొగ వస్తోందని మైకులో చెప్పిన దిక్కు లేదు. యజమానులు ఏమన్నారు? మేం డైరెక్టర్ పదవులకు ఎప్పుడో రాజీనామా చేశాం, రోజువారీ వ్యవహారం మేనేజర్లది అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. చెక్కుల మీద, మీటింగ్ కాగితాల మీద వాళ్ళ చెయ్యి కనబడింది. థియేటర్ ఎవరి అదుపులో ఉందో వాళ్ళదే బాధ్యత అని 2014లో సుప్రీంకోర్టు శిక్షార్హత ఖాయం చేసింది. ఆ కాగితాలు ఎంత విలువైనవంటే, అవే కోర్టు ఫైల్లోంచి కొన్ని మాయమయ్యాయి, కొన్ని చిరిగాయి, కొన్నిటి మీద సిరా పడింది. దాని మీద వేరే కేసు నడిచి 2021లో ఆ యజమానులకు ఏడేళ్ళ శిక్ష పడింది, మరుసటి ఏడాది అప్పీల్లో అనుభవించిన జైలు చాలన్నారు.

బాధితుల సంఘం పాత ఐపీసీ 304 రెండో భాగం కింద, అంటే ఇప్పటి 105 కింద, విచారణ జరగాలని అడిగింది. సుప్రీంకోర్టు అన్నేళ్ళ తర్వాత మళ్ళీ విచారణ పెట్టలేమంది. ఇప్పుడు గాలి మారింది. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో 27 మంది పోయినప్పుడు పోలీసులు మొదటి ఎఫ్‌ఐఆర్‌లోనే 304 పెట్టారు. నడిపినవాళ్ళతో పాటు మున్సిపల్ టౌన్ ప్లానింగ్ అధికారిని కూడా అరెస్టు చేశారు.

ఇక నిన్న చెప్పిన గోడ. "నాకు తెలియదు" అనేది ప్రతి యజమాని మొదటి మాట. నాన్నగారూ, మీరు ఇవాళ తారీఖు వేసి, ఫలానా గేటుకు తాళం ఉంది, ఫలానా చోట సిలిండర్లున్నాయి అని రాసి, ఫోటోలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దగ్గర పెట్టుకున్నారనుకోండి. ఆ క్షణం నుంచి ఆయన "తెలియదు" అనలేడు. ఆ కాగితం ఒక్కటే 105 పడేలా చేస్తుందని నేననను, అది దర్యాప్తును, కోర్టును బట్టి ఉంటుంది. కానీ ఆ కాగితం లేకపోతే చర్చంతా అజాగ్రత్త దగ్గరే ఆగిపోతుంది. ఏ ఓనరైనా కాస్తో కూస్తో చదువుకున్న వకీలుకి అది చూపిస్తే, "ముందు తాళం తీయించు" అనే చెప్తాడు.

పాత ఫైరాఫీసర్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ శాఖలో చేసి రిటైరయ్యాను. వకీలు గారు చెప్పినదానికి నా వైపు నుంచి కొంత.

మన దగ్గర ఉన్నది 1999 అగ్నిమాపక సేవల చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తీసుకుంది. దాని ప్రకారం, 2006 నిబంధనల ప్రకారం, నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు ఉంటే మా ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని శాఖ ఇచ్చే పత్రం, తప్పనిసరి. స్కూలు, సినిమా హాలు, ఫంక్షన్ హాలు లాంటి జనం గుమిగూడే చోట్లకు 500 చదరపు మీటర్ల స్థలం ఉన్నా, 6 మీటర్ల ఎత్తున్నా కావాలి. ఇప్పుడు మీ హాస్టల్ ఓనరు ఏమంటాడో నాకు తెలుసు. "మాది నివాస భవనం, 18 దాటలేదు, ఎన్‌ఓసీ అక్కర్లేదు." ఈ మాట నేను వందసార్లు విన్నాను. ఎన్‌ఓసీ అక్కర్లేకపోవడం వేరు, ఉన్న దారి మూసెయ్యడం వేరు. ఆ వెనక మెట్లు ప్లానులో చూపించి అనుమతి తెచ్చుకుని ఉంటే, వాటికి తాళం వెయ్యడం ప్లానును అతిక్రమించడమే. జీహెచ్‌ఎంసీ నుంచి ఆమోదించిన ప్లాను నకలు సమాచార హక్కు కింద అడగండి. నివాసమని అనుమతి తీసుకుని హాస్టల్ నడుపుతున్నాడా అన్నది కూడా అందులోనే బయటపడుతుంది.

రెండో సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తున్నాను. ఒక కట్టడంలో మంట ఆర్పి పైకి వెళ్ళినప్పుడు, వెనక తలుపు దగ్గర నలుగురు దొరికారు. తలుపుకు బయట గొళ్ళెం. లోపలి వైపు చెక్క మీద, మోకాలి ఎత్తులో, గోళ్ళతో గీరిన చారలున్నాయి. పొగ పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి అప్పటికే వాళ్ళు కూర్చుండిపోయారు. వాళ్ళు ఆ తలుపు దాకా రాగలిగారు. దారి తెలుసు, ఓపిక ఉంది, సమయం కూడా ఉంది. గొళ్ళెం ఒక్కటే అడ్డం. అందుకే ఎవరైనా "షార్ట్ సర్క్యూట్ వల్ల చనిపోయారు" అంటే నాకు ఒప్పదు. షార్ట్ సర్క్యూట్ మంట పుట్టిస్తుంది. మనుషుల్ని చంపేది మూసిన దారి.

కూకట్‌పల్లి ఓనర్ | సోమవారం, సాయంత్రం 5:33

నేను అవతలి వైపు మనిషిని, కోప్పడకుండా వినండి. నాకూ ఒక బిల్డింగ్ ఉంది, రిటైరైన డబ్బుతో కట్టింది. మూడేళ్ళ కిందట మొత్తం హాస్టల్ నడిపేవాళ్ళకు లీజుకిచ్చాను. అగ్రిమెంటులో "అగ్ని ప్రమాదం, విద్యుత్ ప్రమాదం పూర్తి బాధ్యత లీజుదారుదే" అని రాయించుకున్నాను. ఈ చర్చ చదివాక గుండె దడ మొదలైంది. ఆ క్లాజు నన్ను కాపాడుతుందా? నిజం చెప్పాలంటే లీజు ఇచ్చాక నేను పై అంతస్తు ఎక్కలేదు.

ఓరుగల్లు వకీలు | సోమవారం, రాత్రి 8:15

సార్, అడిగినందుకు సంతోషం. ఆ క్లాజు మీకూ మీ లీజుదారుకూ మధ్య మాట. రేపు మీరు ఎవరికైనా పరిహారం కట్టాల్సి వస్తే, ఆ డబ్బు అతని దగ్గర రాబట్టుకోవడానికి పనికొస్తుంది. చనిపోయిన పిల్ల తల్లిదండ్రులు ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టలేదు, వాళ్ళను అది కట్టెయ్యదు. క్రిమినల్ కేసును ఏ అగ్రిమెంటూ బదిలీ చెయ్యలేదు. పోలీసులు చూసేది, ఆ దారి ఎవరు కట్టారు, ఎవరు మూశారు, తెరిపించగలిగే అధికారం ఎవరికుంది, తెలిసీ ఊరుకున్నారా అని. రెండో మెట్లు కట్టకుండా ఇచ్చారంటే అది మీ మెడకు. కట్టిన మెట్లకు లీజుదారు తాళం వేస్తే ముందు అతనికి, మీకు తెలిసి ఊరుకుంటే మీకు కూడా. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్ 12న, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో అంటుకున్న మంట పొగ పై లాడ్జిలోకి ఎగబాకి 8 మంది పోయినప్పుడు, అరెస్టులు యజమానుల దగ్గరే మొదలయ్యాయి.

సివిల్ వైపు 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం ఇంకా బతికే ఉంది. కుటుంబం రెండేళ్ళ లోపు దావా వెయ్యాలి, చాలామందికి ఈ గడువు తెలియక హక్కు పోగొట్టుకుంటారు. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి. సర్వేయర్ మొదట అడిగేది అనుమతి కాగితాలు. ఇళ్ళకని తీసుకున్న పాలసీ మీద హాస్టల్ నడుస్తుంటే అక్కడే పేచీ పడుతుంది.

మీరు రేపు పొద్దున్నే వెళ్ళి పైకెక్కి చూడండి సార్.

విజయనగరం పద్మ | సోమవారం, రాత్రి 9:02

నేను ఆరేళ్ళు లేడీస్ హాస్టల్ వార్డెన్‌గా చేశానండి. అందరూ తాళాన్ని తిడుతున్నారు, ఆ తాళం ఎందుకు పడుతుందో కూడా వినండి. మా హాస్టల్లో వెనక గేటు తెరిచి ఉన్న రోజుల్లో రెండుసార్లు బయటివాళ్ళు మొదటి అంతస్తు దాకా వచ్చేశారు. ఒకమ్మాయి బాత్రూం కిటికీ దగ్గర మగ మనిషిని చూసి కెవ్వుమంది. మర్నాడు పదిమంది తల్లిదండ్రులు వచ్చి, "మా పిల్లలకు రక్షణ లేదా" అని నా మీద పడ్డారు. తాళం వేయించింది ఓనరు కాదు, ఆ తల్లిదండ్రులే. రాత్రి పదింటికి నా చేత్తో వేసేదాన్ని, ఆడపిల్లలకు మంచి చేస్తున్నాననే అనుకున్నాను. పైన ఫైరాఫీసర్ గారు రాసింది చదివి ఇప్పుడు ఒళ్ళు జలదరించింది. తాళం తీసేస్తే మళ్ళీ ఆ భయం. మరి దారేదండీ?

పాత ఫైరాఫీసర్ | సోమవారం, రాత్రి 9:48

పద్మమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం, దానికి మందు ఉంది. పానిక్ బార్ అంటారు. తలుపుకు లోపలి వైపు నడుము ఎత్తులో అడ్డంగా ఒక ఇనుప పట్టీ ఉంటుంది. బయటినుంచి పిడి ఉండదు, ఎవరూ తెరవలేరు. లోపలినుంచి చేత్తో, నడుముతో, భయంలో మీద పడ్డా తెరుచుకుంటుంది. దానికి చిన్న అలారం కలిపితే, రాత్రి ఎవరు తెరిచినా మీ గదిలో మోగుతుంది. మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో చూసే ఉంటారు. తలుపు బయటి వైపుకే తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే జనం తోపులాటలో ఎవరూ లాగలేరు. ఉన్న గ్రిల్ గేటును వెల్డర్ చేత తిప్పి బిగించుకోవచ్చు.

తాళంచెవి గాజు పెట్టెలో పెట్టి పక్కన వేలాడదీస్తామంటారు కొందరు. ఒప్పుకోకండి. కరెంటు పోయి, కళ్ళు మండుతూ, పొగలో చెవి వెతికి తాళం రంధ్రంలో పెట్టడం శిక్షణ ఉన్న మాకే కష్టం.

బర్మింగ్‌హామ్ బుజ్జి | మంగళవారం, ఉదయం 3:15

ఇక్కడ నేను ఒక కిరాణా కొట్టు నడుపుతున్నాను, పైన మూడు వాటాల్లో అద్దెకుంటారు. ఇంగ్లండ్‌లో 2005 ఫైర్ సేఫ్టీ ఆర్డర్ అని ఉంది, ఇలాంటి ప్రతి కట్టడానికీ ఒక "బాధ్యుడు" ఉండాలి. నా కొట్టుకు ఆ బాధ్యుణ్ణి నేనే. ఎవరికీ ఏమీ కాకపోయినా, మనుషుల ప్రాణం ప్రమాదంలో పెట్టానని తేలితే చాలు, పరిమితి లేని జరిమానా, రెండేళ్ళ దాకా జైలు. కిందటేడు ఫైర్ ఆఫీసర్ వచ్చి, మెట్ల తలుపును సగం తెరిచి చెయ్యి వదిలేశాడు. తలుపు తనంతట తాను మూసుకుని గొళ్ళెం పడాలి. బొటనవేలంత సందులో ఆగిపోయింది. దానికే ఉత్తరం వచ్చింది, గడువు పెట్టారు. అంత చిన్నదానికి ఇంత గొడవా అని అప్పుడు విసుక్కున్నాను. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోయాక, సరిగా మూసుకోని తలుపుల సంగతి కూడా విచారణలో బయటికొచ్చింది. మన దగ్గర కేసు మొదలవడానికి శవం లేవాల్సి వస్తోంది, నా బాధ అది.

ఓరుగల్లు వకీలు | మంగళవారం, ఉదయం 8:30

బుజ్జి గారూ, మన సెక్షన్ 125 కూడా ఎవరికీ ఏమీ కాకముందే వర్తిస్తుంది. ఫైర్ చట్టం కింద ముందే నోటీసు, ప్రాసిక్యూషన్ రెండూ ఉన్నాయి. చట్టం లేక కాదు, అడిగేవాళ్ళు తక్కువై. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బిహార్ కూలీలు పోయారు. కింద సరుకు, పైన పడక, దిగడానికి ఒకటే మెట్లు. వాళ్ళ తరఫున ముందు ఉత్తరం రాసేవాళ్ళు ఎవరుంటారు?

భీమవరం నాన్న | శుక్రవారం, రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. జరిగింది చెప్తాను.

సోమవారమే ఉత్తరం రాశాను. నాలుగు పేరాలు, ఆరు ఫోటోలు. ఓనరుకి ఒకటి, హాస్టల్ నడిపే ఆమెకి ఒకటి, దగ్గర్లో ఉన్న ఫైర్ స్టేషన్‌కి ఒకటి, జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసుకి ఒకటి. నా ఒక్కడి సంతకం కాకుండా, మా అమ్మాయి గదిలో ఉండే ముగ్గురు పిల్లల తండ్రుల సంతకాలు కూడా వాట్సాప్‌లో తెప్పించి జతచేశాను. బుధవారం సాయంత్రం ఓనరు ఫోన్ చేశారు. మొదట గట్టిగానే మాట్లాడారు. "మీ అమ్మాయిని తీసుకెళ్ళిపోండి, అంత భయమైతే" అన్నారు. నేను, "మా అమ్మాయిని తీసుకెళ్తానండీ, మిగిలిన తొంభై మందిని ఎవరు తీసుకెళ్తారు? ఉత్తరం మీకు అందింది కదా, తారీఖు వేసి ఉంచుకున్నాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "గేటు సంగతి చూస్తాను" అని పెట్టేశారు.

గురువారం వెల్డర్ వచ్చాడని అమ్మాయి ఫోటో పంపింది. తాళం కోసేశారు. లోపలినుంచి తీసే గడియ పెట్టారు, పానిక్ బార్ కాదు, మామూలు గడియే. గేటు ఇంకా లోపలికే తెరుచుకుంటోంది. సిలిండర్లు ఏడూ అక్కడే ఉన్నాయి. ఫైర్ స్టేషన్ నుంచి మంగళవారం వచ్చి చూస్తామన్నారు, నేనూ వెళ్తున్నాను. నిన్న రాత్రి నలుగురు పిల్లలు లైట్లు ఆపేసి, చున్నీలు ముక్కుకు కట్టుకుని, గోడ పట్టుకుని వెనక మెట్ల మీదుగా దిగి చూశారట. మూడో అంతస్తు నుంచి యాభై రెండు మెట్లు. రెండో మలుపులో పాత మంచం అడ్డం వచ్చి ఒకమ్మాయి మోకాలికి దెబ్బ తగిలింది.

పాత ఫైరాఫీసర్ | శుక్రవారం, రాత్రి 10:41

ఆ మంచం ఫోటో తీసి రెండో ఉత్తరంలో పెట్టండి. గేటు లోపలికి తెరుచుకుంటోందన్నది కూడా అందులోనే రాయండి. సిలిండర్లు మెట్ల కింద నుంచి తీసి, బయట గాలి ఆడే చోట జాలీ గదిలో పెట్టమని మంగళవారం వచ్చిన అధికారి చేత రాతపూర్వకంగా రాయించుకోండి. నోటి మాటతో సరిపెట్టుకుని రాకండి.

కూకట్‌పల్లి ఓనర్ | శనివారం, ఉదయం 11:06

నేను మంగళవారమే వెళ్ళి చూశాను. మూడేళ్ళలో మొదటిసారి. నా టెర్రస్ తలుపుకు రెండు తాళాలున్నాయి, రెండో మెట్ల మీద పాత పరుపులు పేర్చారు, పై దాకా. లీజుదారుకు నోటీసు ఇచ్చాను, పరుపులు నిన్న దింపించాను. ఫైరాఫీసర్ గారూ, ఆ టెర్రస్ తలుపు సందు కొలిస్తే రెండున్నర అడుగులు వచ్చింది. గోడ కొట్టించి వెడల్పు చేయించాలా, ఎంత ఉండాలి చెప్పండి. సోమవారం మేస్త్రీని రమ్మన్నాను.